రాణిగారి కిటికీకి ఆధారం

కోటలో గైడుగా బతికేవాడికి నోరే ఆస్తి. ఆ లెక్కన గొడుగు గైడు జమీందారే అనుకోవాలి. ఎండ ఉన్నా లేకపోయినా నల్ల గొడుగు గాల్లోకి ఎత్తి పట్టుకుని, వెనక ఓ గుంపుని నడిపించుకుంటూ పోతాడని తోటి గైడులు పెట్టిన పేరది. అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటి ఉందిగానీ, అది లైసెన్సు కాగితం మీద తప్ప ఎవరి నోటా వినపడదు. పొద్దున మొదటి గుంపుకి చెప్పేటప్పుడు కోటలో రెండు వందల ఏనుగులు ఉండేవి. ఎండెక్కి జనం నీరసపడేకొద్దీ ఏనుగులు పెరిగేవి. గేటు మూసే వేళకి వాటికి నిలబడటానికి కోటలో చోటు చాలేది కాదు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అన్న మాట ఊరికే పుట్టలేదు.

అలాంటివాడి నెత్తిన కొత్త నిబంధన ఒకటి పడింది. ఇకమీదట కోటలో గైడుగా ఉండాలంటే యూనివర్సిటీలో చరిత్ర కోర్సు చదివి సర్టిఫికెట్ తేవాలి. తెస్తే మెడలో కొత్త బ్యాడ్జి. తేకపోతే గేటు బయట నిలబడి వచ్చేపోయేవాళ్లకి గొడుగులు అమ్ముకోవాల్సిందే. తోటి గైడులు కంగారుపడుతుంటే మనవాడు మీసం సవరించుకున్నాడు.

"చరిత్ర మనకి కొత్తేంటి? క్లాసులో పాఠం నేనే చెప్పి రావాల్సొస్తుందేమో," అన్నాడు భార్యతో. ఆవిడ కోట గేటు పక్కనే టికెట్ల కౌంటర్లో పనిచేస్తుంది.

"ముందు పెన్ను కొనుక్కోండి. ఇంట్లో ఒక్కటీ రాయట్లేదు," అందావిడ, టికెట్లు చింపడం ఆపకుండా.

తీరా చూస్తే కోర్సులో మొదటి పేపరు చరిత్రే కాదు. పరిశోధన ఎలా చెయ్యాలి, చేసినదాన్ని ఎలా రాయాలి అన్నది. అందులో తప్పితే మిగతా పేపర్లకి కూర్చోనివ్వరు. పాఠం చెప్పే మేడమ్‌కి అతని వయసులో సగం ఉంటుందేమో. మెత్తగా మాట్లాడుతుంది, ఎర్ర పెన్నుతో దిద్దుతుంది. మాట మెత్తదనం చూసి మోసపోయిన గొడుగు గైడు, "మీకు బాగా తెలిసిన పాత కట్టడం గురించి ఒక వ్యాసం రాసుకురండి" అనగానే రెక్కలు కట్టుకుని ఇంటికెళ్లి కోట గురించి రాసేశాడు.

వ్యాసం ఇలా మొదలైంది: "అందరూ దగ్గరికి రండి. తలలు జాగ్రత్త, గుమ్మం పొట్టిది. ఇప్పుడు మీ ఎడమ చేతి వైపు చూడండి."

ఆ వాక్యం పక్కన ఎర్రగా ఉంది: "చూశాను. మా ఇంటి ఫ్రిజ్ కనపడింది." ఏనుగుల పక్కన, "ఎవరు లెక్కపెట్టారు?" అని ఉంది. "పెద్దలు చెప్తారు" అన్నచోట, "ఏ పెద్దలు? ఎక్కడ చెప్పారు?" అని. "ఈ సంగతి లోకమంతటికీ తెలిసిందే" అన్నచోట, "నాకు తెలియదు" అని. ఇక వ్యాసం చివర్లో చెయ్యి అలవాటు కొద్దీ రాసేసిన వాక్యం ఒకటుంది: "మీకు సంతోషం కలిగితే మీకు తోచింది ఇవ్వండి." మేడమ్ తనకి తోచింది ఇచ్చింది. ఇరవై ఐదుకి మూడు.

ఆ మూడూ దేనికిచ్చారో తెలుసుకుందామని వెళ్లాడు.

"చేతిరాత బాగుంది," అంది మేడమ్. తర్వాత కుర్చీ చూపించి నిదానంగా చెప్పింది. "మీ వ్యాసం నేను ఆపకుండా చదివాను, కాదనను. కానీ ఇక్కడ మీరు రాసే ప్రతి మాట వెనకా ఒక మనిషో, ఒక కాగితమో, ఒక రాయో ఉండాలి. చదివేవాళ్లు ఆ దారిన వెళ్తే మీరు చూసిందే వాళ్లకీ కనపడాలి. మీరు గైడే కదా. దారి చూపించండి."

అదెంత పని అనుకున్నాడు. మొదలుపెట్టాక తెలిసింది అదెంత పనో. లైబ్రరీ కంప్యూటర్లో "రాణి" అని కొడితే తేనెటీగల పెంపకం మీద ఆరు పుస్తకాలొచ్చాయి. అక్కడిదాకా వచ్చాక ఊరికే పోవడమెందుకని వాటిలో ఒకటి సగం చదివాడు కూడా. రెండో వ్యాసంలో ఎవరిదో పుస్తకంలోంచి పేజీలకి పేజీలు దించి, బుద్ధిగా పేరు కూడా రాశాడు. "ఇందులో మీరెక్కడున్నారు?" అని ఎర్ర పెన్ను అడిగింది. మూడో వ్యాసం మొత్తం సొంతంగా రాశాడు. "ఇందులో మిగతావాళ్లెక్కడ?" అని అడిగింది. కుడితిలో పడ్డ ఎలుకకైనా బయటపడే దారి దొరుకుతుందేమోగానీ, తనకి దొరకదనుకున్నాడు.

ఎవరికీ తెలియకుండా ఎప్పుడు అంటుకుందోగానీ, కొన్నాళ్లకి ఆ ఆధారాల జబ్బు ఇంట్లోకి పాకింది. ఒకరోజు అన్నం తింటూ, "కూరలో ఉప్పు తక్కువైనట్టు ప్రాథమికంగా అనిపిస్తోంది. అయితే దీని మీద మరింత పరిశోధన జరగాల్సి ఉంది," అన్నాడు.

"చేసుకోండి. ఉప్పు డబ్బా మీ మోచేతి పక్కనే ఉంది," అంది భార్య.

మార్కులు మూడు నుంచి తొమ్మిదికీ, తొమ్మిది నుంచి పద్నాలుగుకీ పాకాయి. చివరికి ప్రాజెక్టు మిగిలింది. బ్యాడ్జి వస్తుందో రాదో తేలేది దాంతోనే. "మీరు నిజమని నమ్మే ఒక విషయం తీసుకోండి. దాన్ని మొట్టమొదట ఎవరు చెప్పారో తేలేదాకా వెనక్కి వెళ్లండి. చివరి రోజు కోట ఆఫీసరుగారు కూడా వస్తారు, ఆయన ముందు చదవాలి," అంది మేడమ్.

గొడుగు గైడు ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా రాణిగారి కిటికీ అన్నాడు.

కోట పై అంతస్తులో పడమటి వైపు ఒక కిటికీ ఉంది. మిగతా అన్నిటికీ ఇనుప ఊచలున్నాయి, దానికి మాత్రం లేవు. యుద్ధంలో రాజుగారి జెండా ఒరిగిపోవడం చూసి రాణిగారు అక్కణ్నుంచే దూకిందని, దూకేటప్పుడు ఆవిడ ఎడమ కాలి పట్టీ కిటికీ గట్టుకి తగులుకుని అక్కడే ఉండిపోయిందని కథ. ఈ కథ దగ్గర గొడుగు గైడు గొంతు తగ్గించేవాడు. ఎంత అల్లరి గుంపైనా చల్లబడేది, కొందరు కళ్లు తుడుచుకునేవాళ్లు. ఎవరైనా అనుమానంగా చూస్తే గొడుగు కొసతో పక్కనున్న బోర్డుని తట్టేవాడు. "నేను చెప్పడం కాదండీ, బోర్డే చెప్తోంది. గవర్నమెంటు వాళ్లు పెట్టింది." బోర్డే ఉన్నప్పుడు ఇంక ప్రాజెక్టు ఏముంది, నల్లేరు మీద బండి నడకే అనుకున్నాడు.

బోర్డు మీద రాసింది ఎక్కణ్నుంచి తీసుకున్నారని ఆఫీసులో అడిగితే, అట్ట గట్టిగా ఉన్న లావుపాటి చరిత్ర పుస్తకం పేరు చెప్పారు. పుస్తకం తెరిస్తే రాణిగారు కిటికీలోంచి దూకుతూ కనిపించింది. పేజీ అడుగున చీమలబారులాంటి చిన్న అక్షరాలున్నాయి. ఇన్నేళ్లూ వాటిని అచ్చులో లోపమనుకుని వదిలేసే మనిషి, ఇప్పుడు కళ్లజోడు పైకి తోసుకుని చదివాడు. అవి ఒక పాత పత్రికలో వచ్చిన వ్యాసం దగ్గరికి పంపించాయి. ఆ వ్యాసం అడుగున ఉన్న చీమలు ఒక దినపత్రిక ఆదివారం సంచిక దగ్గరికి పంపించాయి. వెనక్కి వెళ్లేకొద్దీ కథ చిక్కిపోవడం అతనికి వింతగా అనిపించింది. పుస్తకంలో రాణితోపాటు ముగ్గురు చెలికత్తెలు దూకారు. వ్యాసంలో ఒక్క చెలికత్తే దూకింది. ఎడమ కాలి పట్టీ మాత్రం ఏ కథలోంచీ ఊడిపోలేదు.

లైబ్రేరియన్ దుమ్ము దులిపి తెచ్చిచ్చిన పాత పేపర్ల కట్టలో ఆ ఆదివారం దొరికింది. చెలికత్తెలు అసలే లేరు. రాణి ఉంది, జెండా ఉంది, పట్టీ ఉంది. ఆ పైన ఇలా ఉంది: "కోట చూపించడానికి మాతో వచ్చిన సన్నటి యువకుడు, చేతిలో నల్ల గొడుగుతో, కళ్లకి కట్టినట్టు ఈ కథ చెప్పాడు."

గొడుగు గైడు గుండెలో కలుక్కుమంది. నల్ల గొడుగు తన సొంత ఆలోచన అని ఇన్నేళ్లూ మురిసిపోయాడు. తనకంటే ముందే ఇంకెవడో సన్నటివాడు కోటలో గొడుగెత్తి తిరిగాడన్నమాట. పైగా పేపర్లో కూడా పడ్డాడు. అసూయని అణుచుకుని, పరిశోధకుడన్నవాడు రాగద్వేషాలకి అతీతంగా ఉండాలని తనకి తానే చెప్పుకుని, ఆ మనిషి ఎవరో పట్టుకోవడానికి కోటకి బయల్దేరాడు. తోటి గైడుల్ని అడిగాడు. వాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకుని, ఒకడు దగ్గడం మొదలుపెట్టాడు, ఇంకొకడు చెప్పు తాడు సరిచేసుకోవడానికి వంగినవాడు ఎంతసేపటికీ లేవలేదు. పాతవాళ్లని అడిగితే మంచిదని టికెట్ల కౌంటర్ దగ్గరికొచ్చాడు.

"నువ్వు ఇక్కడ చేరిన కొత్తల్లో సన్నటి గైడు ఒకడు ఉండేవాడా? నల్ల గొడుగు పట్టుకుని తిరిగేవాడట."

భార్య అతన్ని చూసింది. చేతిలో గొడుగుని చూసింది. చొక్కా గుండీల మధ్య తొంగిచూస్తున్న పొట్టని చూసింది.

"ఉండేవాడు," అంది.

"ఏమయ్యాడు?"

"పెళ్లి చేసుకుని లావయ్యాడు."

"ఇప్పుడెక్కడుంటాడో ఏమైనా తెలుసా?"

"నా కౌంటర్ ముందు నిలబడి, వెనకవాళ్లకి అడ్డంగా ఉన్నాడు. పక్కకి జరగండి."

చంకలో పిల్లాణ్ని పెట్టుకుని ఊరంతా వెతికినవాడి గురించి అతను ఎన్నోసార్లు నవ్వాడు. ఆ చంక తనదే అయినప్పుడు నవ్వు రాలేదు. పక్కకి జరిగి గోడకి ఆనుకున్నాడు. మొదటి ఆలోచన, తను ఒకప్పుడు సన్నగా ఉండేవాణ్నని. రెండో ఆలోచన బ్యాడ్జి గురించి. గొడుగుని చేతికర్రలా నేలకి ఆనించుకున్నది రెండోదానికే.

తన కథని పేపరు రాసింది. పేపరుని చూసి వ్యాసం, వ్యాసాన్ని చూసి పుస్తకం, పుస్తకాన్ని చూసి బోర్డు. ఆ బోర్డుని తట్టి, "నేను చెప్పడం కాదండీ" అంటున్నది మళ్లీ తనే. అంతమంది చదువుకున్నవాళ్లు చెప్తున్నారుగదా అని తన అబద్ధాన్ని తనే నమ్మేసి, ఎక్కణ్నుంచి వచ్చిందో కూడా మర్చిపోయాడు. ఇదంతా ఆఫీసరుగారి ముందు నిలబడి తన నోటితోనే చదివితే, ఆయన బ్యాడ్జి ఇస్తాడా, ఉన్న లైసెన్సు కూడా లాక్కుంటాడా?

మర్నాడు మేడమ్ గదిలో తేలు కుట్టిన దొంగలా కూర్చుని అంతా చెప్పాడు. ఆవిడ నవ్వలేదు. నవ్వకుండా ఉండటానికి కిటికీ వైపు తిరిగి చాలాసేపు ఏదో చూసింది.

"టాపిక్ మార్చుకుంటాను మేడమ్. ఏనుగుల మీద రాస్తాను."

"మార్చుకోవచ్చు. మార్కులు కూడా వస్తాయి. బోర్డు మాత్రం అక్కడే ఉంటుంది."

"ఇది చదివితే ఆఫీసరుగారు బ్యాడ్జి ఇస్తారంటారా?"

"తెలియదు. దానికి నా దగ్గర ఆధారం లేదు." ఆవిడ ఇంకోటి అడిగింది. "మీరు ఆ కథ ఎప్పుడు, ఎందుకు కల్పించారో గుర్తుందా?"

"లేదు మేడమ్. మా ఆవిడకి తెలుసేమో. తనకి అన్నీ గుర్తుంటాయి."

"అయితే ఆవిడ్ని ఇంటర్వ్యూ చెయ్యండి."

"ఇన్నేళ్లుగా ఆవిడే నన్ను చేస్తోంది మేడమ్," అన్నాడు గొడుగు గైడు దీనంగా.

ఆ సాయంత్రం వంటింటి బల్ల మీద ఫోనులో రికార్డరు పెట్టాడు. ఎదురుగా భార్య బీన్స్ కోస్తోంది. అతను గొంతు సవరించుకుని, క్లాసులో నేర్పిన పద్ధతిలో మొదలుపెట్టాడు.

"మీరు ఈ కథ మొదటిసారి ఎప్పుడు విన్నారు?"

"మీరేంటండీ? ఎవరో పరాయి ఆడమనిషితో మాట్లాడుతున్నట్టుంది. మామూలుగా అడగండి."

"సరే. ఎప్పుడు విన్నావు?"

"చేరిన కొత్తల్లోనే. ఆ రోజు నా కాలి పట్టీ ఒకటి ఎక్కడో జారిపోయింది. వెతుక్కుంటూ పై అంతస్తు దాకా వచ్చాను. మీరొక్కరే ఉన్నారు అక్కడ. అన్ని కిటికీలకీ ఊచలుండి దీనికెందుకు లేవని అడిగాను, ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి. తెలీదు అంటే సరిపోయేది. అనలేదు. గొడుగు కింద పెట్టి, నా కాళ్ల వంక ఒకసారి చూసి, కిటికీ వంక చూసి, రాణిని చంపేశారు."

అతనికి ఒక్కసారిగా అంతా గుర్తొచ్చింది. ఆ మధ్యాహ్నం వెలుగు, రంగు వాసన, ఒక కాలికి పట్టీ లేకుండా నిలబడ్డ అమ్మాయి. ఏం చెప్తే ఆ అమ్మాయి ఇంకాసేపు అక్కడ నిలబడుతుందో తెలియక తను గొడుగు తెరుస్తూ మూస్తూ ఉండటం.

"అబద్ధమని నీకెప్పుడు తెలిసింది?"

"మర్నాడే. రంగులేసేవాళ్లు ముందురోజే ఆ కిటికీ ఊచలు ఊడదీసి కింద గోడకి ఆనించి ఉంచడం చూశాను. మళ్లీ బిగిద్దామని వచ్చేసరికి అక్కడ జనం నిలబడి ఏడుస్తున్నారు. వాళ్ల మధ్యలో ఊచలేం బిగిస్తారు? వెళ్లిపోయారు."

తర్వాతి ప్రశ్న కాగితం మీద రాసుకున్నది కాదు. "తెలిసీ ఈ పెళ్లిలోకి ఎందుకు దూకావు?"

ఆవిడ కత్తి పక్కన పెట్టింది. "ముక్కూమొహం తెలియని అమ్మాయి అడిగింది కదా అని, లేని రాణిని పుట్టించి, ఆవిడ కాలికి నా పట్టీ తొడిగి, చెప్తూ చెప్తూ మీరే ఏడ్చినంత పని చేశారు. ఈ మనిషి నా ముందు ఎప్పుడూ ఒట్టి చేతులతో నిలబడడు అనుకున్నాను." మళ్లీ కత్తి తీసుకుంది. "వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చెయ్యమన్నారు. మీరు ఒక్కదాంతో కానిచ్చారు. పొదుపరి."

గొడుగు గైడుకి సిగ్గూ సంతోషమూ కలిసి వచ్చాయి, ఏది ముందు అనుభవించాలో తెలియలేదు. ఆవిడ చేతిలో చెయ్యి వేద్దామనుకున్నాడు గానీ కత్తి ఉంది.

టాపిక్ మార్చలేదు. ప్రాజెక్టు రాశాడు. బోర్డు నుంచి పుస్తకానికి, పుస్తకం నుంచి వ్యాసానికి, వ్యాసం నుంచి పేపరుకి, అక్కణ్నుంచి ఆ మధ్యాహ్నానికి, అడుగడుక్కీ ఆధారం చూపిస్తూ రాశాడు. ఒకచోట మాత్రం ఎర్ర పెన్ను పడింది. "ఇది చెప్పేటప్పుడు ఆమె కళ్లు చెమర్చాయి" అన్న వాక్యం పక్కన "ఆధారం?" అని ఉంది. అతను పేజీ అడుగున చిన్న అక్షరాలతో చేర్చాడు: "ఆ సమయంలో ఆమె కోస్తున్నది ఉల్లిపాయలు కాదు, బీన్స్."

చివరి రోజు ఆఫీసరుగారు ముందు వరసలో కూర్చున్నాడు. అతను చదువుతున్నంతసేపూ ఆయన మొహం ఎర్రబడుతూ వచ్చింది.

"అంటే మా బోర్డు మీద ఉన్నది మీరు చెప్పిన అబద్ధమా?" అన్నాడాయన.

"అవును సార్. నన్ను చూసి మీరు బోర్డు పెట్టారు. మీ బోర్డు చూసి నేను చెప్పాను."

"ఇది బయటికి తెలిస్తే నవ్వుతారు."

"నవ్వుతారు సార్. ఇంట్లో అప్పుడే మొదలైంది."

"ఇన్నేళ్లు కోటలో అబద్ధం చెప్పిన మనిషికి బ్యాడ్జి ఎలా ఇమ్మంటారు?"

గొడుగు గైడు జీవితంలో మొదటిసారి కల్పించకుండా ఊరుకున్నాడు. బ్యాడ్జి కోసం మెడలో వేసుకొచ్చిన ఖాళీ తాడుని వేళ్లతో తడుముకున్నాడు. కోట లేకపోతే తను ఏంటో అతనికి తెలియదు, ఆ భయం మొహంలో అందరికీ కనపడింది.

మేడమ్ లేచింది. "అది అబద్ధమని ఎవరు కనిపెట్టారు సార్? మీ ఆఫీసా? ఆ పుస్తకం రాసినాయనా? ఈయనే కనిపెట్టి, ఈయనే వచ్చి చదివారు. సర్టిఫికెట్ ఇందుకు కాకపోతే ఇంక దేనికిస్తామో నాకు తెలియదు," అంది మెత్తగానే.

ఆఫీసరుగారు చాలాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చున్నాడు. చివరికి, "రేపే ఆ బోర్డు పీకించండి," అని పక్కవాళ్లకి చెప్పి, సంతకం పెట్టాడు.

బ్యాడ్జి వేసుకుని కోటలో అడుగుపెట్టిన రోజు గొడుగు గైడు మొదటి గుంపుని నడిపించుకుంటూ వెళ్లాడు. ఏనుగులెన్ని ఉండేవని ఎవరో అడిగితే, "తెలీదండీ," అన్నాడు. ఆ మాట అంత తేలిగ్గా నోట్లోంచి వస్తుందని అతను ఎప్పుడూ అనుకోలేదు. పై అంతస్తులో, బోర్డు పీకేసిన నాలుగు మేకుల గుంటల పక్కన నిలబడి, రాణిగారి కథ చెప్పాడు. తర్వాత అది ఎలా పుట్టిందో అదీ చెప్పాడు. జనం నవ్వారు. ఒక పెద్దావిడ మాత్రం నవ్వలేదు. ఆవిడ ఇంతకుముందు ఈ కోటకి వచ్చి, ఈ కిటికీ దగ్గరే కళ్లు తుడుచుకుని వెళ్లిన మనిషి.

"రాణి దూకలేదని ఎవరు చెప్పారు నీకు?" అని నిలదీసింది.

గొడుగు గైడుకి ప్రాణం లేచొచ్చింది. ఊచల్లేని ఆ కిటికీలోంచి గొడుగు చాపి, కింద గేటు పక్కన టికెట్ల కౌంటర్‌ని చూపించాడు. "మూలం అక్కడ కూర్చుందండీ. వెళ్లేటప్పుడు అడగండి."

పెద్దావిడ ఊరుకునే రకం కాదు. తిరిగి వెళ్తూ కౌంటర్ దగ్గర ఆగి, వెనక క్యూ మొత్తం వింటుండగా అడిగేసింది. "ఏమ్మా, నిజంగా ఆ కిటికీలోంచి రాణి దూకలేదా?"

టికెట్లు చింపుతున్న భార్య తలెత్తి, పై అంతస్తు కిటికీలో గొడుగుతో నిలబడ్డ మనిషిని ఒకసారి చూసింది.

"రాణి దూకలేదండీ," అంది. "దూకింది నేను."